మురుగునీటి లెక్కలో హారం ఏది?

ఈ శీర్షికకు ఇటీవల అందిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి తడిమాయి. మురుగునీటి శుద్ధి కేంద్రం బాగా పనిచేస్తోందని ఏ లెక్కతో చెప్పాలి, దానిపై పెట్టిన ప్రజల సొమ్ముకు తగిన ఫలితం దక్కుతోందని ఎలా తెలుసుకోవాలి అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి పుటలన్నీ దానికే కేటాయించాము. ఉత్తరాలను కొంత కుదించి, రాసినవారి పేర్లు తీసివేసి ఇస్తున్నాము.

ప్రశ్న: నేను నల్లగొండ జిల్లాలోని ఒక పట్టణంలో వార్డు సభ్యురాలిని. శుద్ధి కేంద్రం గురించి జరిగిన ఒక సమావేశంలో, ఇప్పటికే నడుస్తున్న రెండు కేంద్రాల వివరాలు మా ముందు ఉంచారు. రెండూ రోజుకు కోటి లీటర్లు శుద్ధి చేసేవే. మొదటిది వెయ్యి లీటర్లకు పావు యూనిట్ కరెంటు వాడుతుందని, రెండోది 0.4 యూనిట్ వాడుతుందని చెప్పారు. మొదటిదే పొదుపైనదని అందరూ ఒప్పుకున్నారు. లోపలికి వచ్చే నీటి బీఓడీ ఎంత అని నేను అడిగితే, మొదటిదానిలో లీటరుకు 100 మిల్లీగ్రాములు, రెండోదానిలో 250 అన్నారు. బయటికి వదిలే నీటిలో మాత్రం రెండింటిలోనూ 10 మాత్రమేనట. ఈ వివరాలతో ఏది మేలో చెప్పగలమా?

జవాబు: చెప్పగలం, అమ్మా. మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్నతోనే సమావేశంలో కుదిరిన తీర్పు తలకిందులవుతుంది.

వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు అనే భిన్నంలో లవం కరెంటు, హారం నీరు. కాని శుద్ధి కేంద్రాన్ని మనం నీటిని ఒక చోటి నుంచి మరో చోటికి పంపడానికి కట్టుకోలేదు, నీటిలోని మలినాన్ని తీయడానికి కట్టుకున్నాము. కాబట్టి హారంలో ఉండవలసింది తీసివేసిన మలినం. నీటిలోని కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినివేయడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలతే బీఓడీ. మన దేశంలో నమూనాను 27 డిగ్రీల వేడిమి వద్ద మూడు రోజులు ఉంచి దీనిని కొలుస్తారు. కచ్చితంగా మాట్లాడితే బీఓడీ కిలో అంటే మలినం కిలో కాదు, ఆ మలినం కోరే ఆక్సిజన్ కిలో. అయినా పోలికకు అది చాలు.

ఇప్పుడు మీరిచ్చిన అంకెలనే తీసుకుందాం. మొదటి కేంద్రం కోటి లీటర్లలో లీటరుకు 90 మిల్లీగ్రాముల చొప్పున, అంటే రోజుకు 900 కిలోల బీఓడీ తీస్తోంది. అందుకు 2,500 యూనిట్లు ఖర్చు చేస్తోంది. కిలోకు దాదాపు 2.8 యూనిట్లు. రెండోది లీటరుకు 240 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 2,400 కిలోలు తీస్తోంది, అందుకు 4,000 యూనిట్లు వాడుతోంది. కిలోకు 1.7 యూనిట్లు కూడా పడడం లేదు. పొదుపైనదని మీ వాళ్లు ఒప్పుకున్న కేంద్రం, చేసిన పనిని బట్టి చూస్తే, రెండోదానికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటు తింటోంది.

మొదటి కేంద్రానికి వచ్చే నీరు అంత పలచగా ఎందుకుంది అన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. కేంద్ర ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ (సీపీహెచ్‌ఈఈఓ) మాన్యువల్ ప్రకారం భూగర్భ మురుగు పైపులున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని, అందులో 80 శాతం, అంటే 108 లీటర్లు మురుగుగా తిరిగి వస్తుందని, ఒక మనిషి నుంచి రోజుకు 27 గ్రాముల బీఓడీ వస్తుందని లెక్క. 27 గ్రాములను 108 లీటర్లలో కలిపితే లీటరుకు సరిగ్గా 250 మిల్లీగ్రాములు. ఆ లెక్కన రెండో కేంద్రానికి ఇళ్ల మురుగే వస్తోంది. మొదటిదానికి 100 మాత్రమే వస్తోందంటే, ఇళ్లలోని సెప్టిక్ ట్యాంకుల్లోనే మలినంలో చాలా భాగం ఆగిపోయి పైన తేలిన నీరు మాత్రమే మోరీల్లోకి వస్తూ ఉండాలి, లేదా వాన నీరు, పగిలిన తాగునీటి పైపుల నీరు కలుస్తూ ఉండాలి. మన పట్టణాల్లో భూగర్భ మురుగు పైపులు అన్ని వీధులకూ చేరకముందే, పెద్ద నాలా చివర శుద్ధి కేంద్రం కట్టిన చోట్ల జరిగేది ఇదే. అక్కడ కరెంటు బిల్లు తగ్గించడం కన్నా ఇళ్లను పైపులకు కలపడమే కేంద్రం పనితీరును ఎక్కువ మెరుగుపరుస్తుంది.

పెట్టుబడి లెక్క కూడా ఇక్కడే పట్టుబడుతుంది. రోజుకు పది లక్షల లీటర్ల సామర్థ్యానికి మూడు కోట్ల రూపాయల చొప్పున, కోటి లీటర్ల కేంద్రానికి 30 కోట్లు అయిందని ఊహించండి. 20 ఏళ్ల ఆయుష్షుకు, 8 శాతం వడ్డీకి ఆ సొమ్మును ఏడాది వాయిదాలుగా మార్చితే సంవత్సరానికి సుమారు 3.06 కోట్లు వస్తుంది. కేంద్రం నిండుగా నడిస్తే వెయ్యి లీటర్లకు పెట్టుబడి భారం సుమారు 8 రూపాయల 40 పైసలు. రోజుకు 40 లక్షల లీటర్లే వస్తుంటే అదే భారం 21 రూపాయలవుతుంది. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 0.4 యూనిట్ కరెంటుకు అయ్యేది 2 రూపాయల 80 పైసలు. కరెంటు కోసం గంటలకొద్దీ వాదించే సమావేశాల్లో, సగం కూడా నిండని కేంద్రం మీద పడే ఈ 12 రూపాయల అదనపు భారం చర్చకు రాకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు పన్ను కట్టే ప్రతి ఇంటిదీ.

అయితే కిలోకు ఇన్ని యూనిట్లు అన్న కొలతను కూడా ఒంటరిగా నమ్మకండి. 250 నుంచి 30కి దించడం సులువు, 30 నుంచి 10కి దించడం కష్టం. చివరి మిల్లీగ్రాములకు గాలి ఎక్కువసేపు పంపాలి, నీటిని ఎక్కువ గంటలు ఆపాలి. అందుచేత 30 దగ్గర ఆగిపోయే కేంద్రం కిలో లెక్కలో మంచి మార్కులు తెచ్చుకుంటుంది. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్ మహానగరాలకు బీఓడీ 20, మిగిలిన చోట్ల 30 మించరాదని చెప్పింది. 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ 10 అనే కఠినమైన గీత గీసింది. ఒకే గీతను అందుకునే కేంద్రాలను మాత్రమే ఒకదానితో ఒకటి పోల్చాలి. మీరు చెప్పిన రెండు కేంద్రాలూ 10కే దించుతున్నాయి కనుక ఆ పోలిక న్యాయమైనదే.

ఇంకొక జాగ్రత్త. కేంద్రం వాడే కరెంటులో సగమో, అంతకన్నా ఎక్కువో గాలి ఊదే బ్లోయర్లకే పోతుంది. రాత్రిళ్లు బ్లోయర్లు ఆపివేసే కేంద్రం బిల్లు తగ్గుతుంది, కాగితం మీద అది పొదుపరి అవుతుంది. కాబట్టి తక్కువ కరెంటు అనగానే సంతోషించకుండా, ఆ గంటల్లో బయటికి వెళ్లిన నీటి నాణ్యత ఎంతో కూడా అడగండి.

ప్రశ్న: మాది వలిగొండ వైపు. మా పొలాలకు మూసీ నీరే ఆధారం. పైన హైదరాబాదులో శుద్ధి కేంద్రాలు పెరిగాయని, నీరు బాగుపడుతుందని అంటున్నారు. మూసీ నీటిలో బలం ఉంటుంది కనుక యూరియా తక్కువ వేస్తే చాలని మా నాయన చెప్పేవాడు. ఆ బలాన్ని కూడా తీసివేస్తే రైతుకు నష్టం కాదా? కేంద్రం లాభనష్టాలు రాసేవాళ్లు మా పొలాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

జవాబు: సాధారణంగా తీసుకోరు. తీసుకోవాలి. ఎంత తేడా వస్తుందో చూడండి.

పైన చెప్పిన మాన్యువల్ లెక్క ప్రకారం ఒక మనిషి నుంచి రోజుకు 5.4 గ్రాముల నత్రజని మురుగులోకి వస్తుంది. అంటే లీటరు మురుగులో 50 మిల్లీగ్రాములు. కోటి లీటర్ల మురుగులో రోజుకు 500 కిలోలు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక ఇది దాదాపు 1,087 కిలోల యూరియాకు సమానం. 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే 24 బస్తాలు. తొంభై మూడు వేల జనాభా ఉన్న ఒక పట్టణం ప్రతి రోజూ ఇన్ని బస్తాలు కాలువలో పోస్తోందన్నమాట. శుద్ధి కేంద్రంలో ఈ నత్రజనిని గాలిలోకి పంపడానికి కరెంటు ఖర్చు చేస్తాం. యూరియా కర్మాగారంలో గాలిలోని నత్రజనిని పట్టి తేవడానికి మళ్లీ ఇంధనం ఖర్చు చేస్తాం. మీ నాయన మాటలో నిజం ఉంది.

కాని ఆ బలం మీ చేతిలో ఉండదు. వరికి నత్రజని నాటిన కొత్తలో, పిలకల దశలో, అంకురం పట్టే దశలో కొలత ప్రకారం కావాలి. మురుగు మాత్రం ప్రతి తడిలోనూ తెస్తుంది. పైరు పచ్చగా ఏపుగా పెరిగి, ఆకు ఎక్కువై, గింజ పోసుకునే వేళకు పడిపోవడం, దోమపోటు, తెగుళ్లు తగలడం మూసీ ఆయకట్టు రైతులకు నేను చెప్పనక్కర లేదు. కోత తరువాత పొలాలకు నీరు అక్కర లేని నెలల్లో అదే నత్రజని, భాస్వరం చెరువుల్లో గుర్రపుడెక్కను పెంచుతాయి. కనుక ఎరువు విలువను లాభం వైపు రాసేటప్పుడు, పొలం నిజంగా వాడుకున్న భాగాన్నే రాయాలి.

మీరు అడగని ఒక విషయం కూడా చెప్పాలి. ఉప్పును ఈ కేంద్రాలు తీయలేవు. బీఓడీ 10కి వచ్చినా నీటిలో కరిగిన లవణాలు దాదాపు అలాగే ఉంటాయి. నగరానికి దగ్గరగా ఉన్న మూసీ ఒడ్డున చాలామంది వరి వదిలి పారా గడ్డి పెంచడానికి ఒక కారణం అది ఆ నీటికి తట్టుకోగలగడమే. శుద్ధి కేంద్రం నివేదికలో లవణాల అంకె లేకపోతే, మీ నేల గురించి ఆ నివేదిక ఏమీ చెప్పనట్టే. అలాగే మలం నుంచి వచ్చే కోలిఫాం అనే సూక్ష్మజీవుల సంఖ్య చూడాలి. 2017 నోటిఫికేషన్ ప్రకారం అది 100 మిల్లీలీటర్లలో 1,000 మించకూడదు. పేగు పురుగుల గుడ్లు లీటరుకు ఒకటికి మించకూడదన్నది సాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పిన హద్దు. మోకాలి లోతు నీటిలో నాట్లు వేసే ఆడవారికి బీఓడీ కన్నా ఈ రెండు అంకెలే ముఖ్యం.

ఇక నది చేసే పని. మూసీ మీద కాలువలకు నీరు మళ్లించేందుకు పూర్వం నుంచి కత్వలు, అంటే నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు ఉన్నాయి. కత్వ వెనుక నీరు నిలిచినప్పుడు మట్టి, మలినం అడుగుకు చేరుతాయి. కత్వ మీది నుంచి దూకినప్పుడు గాలి కలుస్తుంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు నగరం నుంచి దిగువకు నమూనాలు తీసి చూసి, ఒక్కొక్క కత్వ దాటేకొద్దీ నీరు మెరుగుపడుతోందని గమనించారు. ఈ పనికి ఎవరూ జీతం ఇవ్వలేదు. కత్వ వెనుక పేరుకున్న బురదను, దాని వల్ల నష్టపోయిన కాలువలను, పొలాలను ఎవరూ ఖర్చు కింద రాయలేదు. హైదరాబాదులో 2021లో మంజూరైన 31 కేంద్రాల సామర్థ్యం రోజుకు 125 కోట్ల లీటర్లకు పైనే. అవి ఎంత బాగా పనిచేస్తున్నాయో తేల్చే కొలతను కేంద్రం గేటు దగ్గర ఆపకూడదు. పిల్లాయిపల్లి కాలువలో, బునాదిగాని కాలువలో, వలిగొండ వద్ద నదిలో కూడా కొలవాలి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. శుద్ధి కేంద్రాల ఆర్థిక, పర్యావరణ పనితీరును కలిపి కొలిచే డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ అనే పద్ధతి గురించి చదివాను. ఒక కేంద్రానికి 1 మార్కు, మరొకదానికి 0.8 ఇస్తారు. ఈ అంకెల అర్థం ఏమిటి? మన ప్రాంతపు కేంద్రాలకు దీన్ని ప్రాజెక్టుగా చేయవచ్చునా?

జవాబు: మంచి ప్రాజెక్టే, కాని అంకె అర్థం తెలుసుకున్నాకే మొదలుపెట్టండి.

ఈ ఆలోచనకు మూలం 1957లో ఫారెల్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త రాసిన వ్యాసం. ఆయన తన పద్ధతిని పరీక్షించింది అమెరికా రాష్ట్రాల వ్యవసాయం మీద. 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ దానిని గణిత రూపంలో స్థిరపరచారు. వ్యవసాయంతోనే చెప్పుకుంటే తేలిక. ఒక ఊళ్లో పది మంది రైతులున్నారు. ఒకరు ఎరువు ఎక్కువ వేసి కూలీలను తక్కువ పెట్టారు, ఒకరు కూలీలను ఎక్కువ పెట్టి ఎరువు తగ్గించారు. ఎవరు సమర్థులో చెప్పాలంటే ఎరువుకు, కూలికి మనం ముందుగా విలువ కట్టాలి. ఈ పద్ధతి అలా విలువ కట్టదు. ప్రతి రైతుకూ తనకు అత్యంత అనుకూలమైన విలువలను ఎంచుకునే అవకాశం ఇస్తుంది. అయినా కూడా, తనకన్నా తక్కువ ఖర్చుతో అంతే పండించిన ఇతర రైతుల కలయిక ఒకటి కనిపిస్తే, ఆ రైతుకు 1 కన్నా తక్కువ మార్కు వస్తుంది. అలాంటి కలయిక లేనివారందరూ కలిసి ఒక సరిహద్దు గీస్తారు.

శుద్ధి కేంద్రాలకు వస్తే, ఖర్చు వైపు కరెంటు, సిబ్బంది జీతాలు, రసాయనాలు, మరమ్మతులు ఉంటాయి. ఫలితం వైపు తీసిన బీఓడీ, తేలే మలినాలు, నత్రజని, భాస్వరం ఉంటాయి. 0.8 వచ్చిందంటే, అదే ఫలితం 80 శాతం ఖర్చుతో రాబట్టిన కేంద్రాల కలయిక మీ జాబితాలోనే ఉందని అర్థం. రోజుకు 4,000 యూనిట్లు వాడే కేంద్రానికి 3,200 చాలి ఉండేవని చెప్పినట్టు.

కాని శుద్ధి కేంద్రం మంచితో పాటు చెడ్డ ఫలితాలను కూడా ఇస్తుంది: బురద, భూమిని వేడెక్కించే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ వాయువులు. వీటిని ఎక్కడ రాయాలన్నదే ఈ పద్ధతిలో అన్నిటికన్నా చిక్కు. కొందరు వాటిని ఖర్చుల వైపు వేస్తారు. మరికొందరు మంచి ఫలితాన్ని పెంచుతూ చెడ్డదాన్ని తగ్గించే దిశలో ఆ సరిహద్దుకు ఉన్న దూరం కొలుస్తారు. రెండోదే నాకు న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే బురద మనం కొని వాడిన వస్తువు కాదు. స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతపు ఆర్థికవేత్తలు, ముఖ్యంగా హెర్నాండెజ్ సాంచో, మొలినోస్ సెనాంటే బృందం, ఈ దారిలో ఇంకొక అడుగు వేసి, సంతలో ధర లేని మలినానికి ఛాయా ధర కట్టారు. ఒక కిలో భాస్వరం నదిలో పడకుండా ఆపడానికి కేంద్రాలు నిజంగా ఎంత వదులుకుంటున్నాయో లెక్కించి, ఆపినందుకు వచ్చిన మేలును డబ్బు రూపంలో పెట్టారు. వారి లెక్కల్లో భాస్వరం, నత్రజని విలువ బీఓడీ విలువకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తేలింది. ఆ ధరలు అక్కడి కేంద్రాలవి, అక్కడి నదులవి. వాటిని రూపాయల్లోకి మార్చి మహబూబ్‌నగర్‌కు అతికించకండి.

మీరు చేయబోయే ముందు మూడు విషయాలు. మొదటిది, కేంద్రాల సంఖ్య. ఖర్చులు, ఫలితాలు కలిపి ఎన్ని రకాలు తీసుకుంటే దానికి కనీసం మూడు రెట్లు కేంద్రాలు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. నాలుగు ఖర్చులు, మూడు ఫలితాలు తీసుకుంటే 21 కేంద్రాలు కావాలి. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పట్టణాలు మాత్రమే తీసుకుంటే దాదాపు అన్నింటికీ 1 మార్కే వస్తుంది, దాని వల్ల మీకు తెలిసేది ఏమీ ఉండదు. రాష్ట్రమంతటి నుంచి తీసుకోండి, లేదా కొలతలు తగ్గించండి.

రెండోది పరిమాణం. రోజుకు 20 లక్షల లీటర్ల కేంద్రానికీ, 33 కోట్ల 90 లక్షల లీటర్ల అంబర్‌పేట కేంద్రానికీ ఆపరేటరు, కాపలాదారు, ప్రయోగశాల అన్నీ కావాలి. చిన్నదానికి ఆ ఖర్చు కొద్ది నీటి మీదే పడుతుంది. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి చిన్న పట్టణాన్ని అసమర్థమని తేల్చడం తప్పు. పరిమాణాన్ని బట్టి ఫలితం మారే గణిత నమూనాను వాడండి.

మూడోది నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచినది. ఈ మార్కు ఒకరితో ఒకరిని పోల్చినది మాత్రమే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. మీ జాబితాలోని కేంద్రాలన్నీ సగం గాలితో నడుస్తుంటే, వాటిలో కాస్త నయమైనదానికి 1 వస్తుంది. కనుక మార్కుల పక్కనే, ప్రతి కేంద్రం బీఓడీ, కోలిఫాం హద్దులను ఏడాదిలో ఎన్ని రోజులు అందుకుందో ఒక వరుస రాయండి. హద్దు అందుకోని కేంద్రానికి 1 వచ్చినా దాన్ని సమర్థమైనదని మీ నివేదికలో రాయకండి.

ప్రశ్న: వనపర్తి నుంచి ఒక ఉపాధ్యాయురాలిని. నీటిని శుభ్రం చేయడానికి బొగ్గు కాల్చి కరెంటు తెస్తున్నాం కదా, నీటి కాలుష్యాన్ని గాలిలోకి మార్చుతున్నామేమో అని మా పదో తరగతి అమ్మాయి అడిగింది. ఏమని చెప్పాలి?

జవాబు: ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ఆమె అడిగినది, ఒక పని మొదటి నుంచి చివరి దాకా పర్యావరణం మీద వేసే భారమంతా లెక్కించే జీవిత చక్ర అంచనా అనే పద్ధతికి మొదటి ప్రశ్న. దానికి 2006 నాటి ఐఎస్‌ఓ 14040 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. లెక్క వేసి చూపండి.

రెండు వేల ఐదు వందల కిలోల బీఓడీ, 500 కిలోల నత్రజని ఉన్న కోటి లీటర్ల మురుగునే తీసుకోండి. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 4,000 యూనిట్లకు 2,800 కిలోలు. చాలా నివేదికలు ఇక్కడితో ఆగిపోతాయి. కాని సూక్ష్మజీవులు నత్రజనిని మార్చేటప్పుడు కొంత నైట్రస్ ఆక్సైడ్ గాలిలోకి పోతుంది. వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర్జాతీయ నిపుణుల బృందం ఐపీసీసీ 2019లో సూచించిన గుణకం ప్రకారం లోపలికి వచ్చిన నత్రజనిలో 1.6 శాతం అలా వెళ్తుంది. 500 కిలోలకు అది సుమారు 12.6 కిలోల నైట్రస్ ఆక్సైడ్. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు కనుక 3,400 కిలోలకు పైగా అవుతుంది. కరెంటు కన్నా ఇదే ఎక్కువ. పైగా గాలి సరిపోకపోతే ఈ వాయువు పెరుగుతుంది. కాబట్టి కరెంటు మిగిల్చేందుకు బ్లోయర్లను మరీ తగ్గించిన కేంద్రం, తాను మిగిల్చిన దానికన్నా ఎక్కువ పాడు చేయవచ్చు.

గాలి ఊదే కేంద్రంలోనూ కొద్దిగా మీథేన్ వస్తుంది. అదంతా కలిపితే రోజుకు సుమారు 7,500 కిలోలు. మరి కేంద్రమే లేకుండా అదే మురుగు అంతా సెప్టిక్ ట్యాంకుల్లో కుళ్లితే? ఐపీసీసీ గుణకాలతో వచ్చే మీథేన్ 750 కిలోలు, కార్బన్ డయాక్సైడ్‌లో చెప్పాలంటే 21,000 కిలోలు. కాబట్టి సక్రమంగా నడిచే కేంద్రం నీటిని శుభ్రం చేస్తూనే గాలి మీద పడే భారాన్ని కూడా తగ్గిస్తుందని మీ విద్యార్థినికి చెప్పవచ్చు. ఈ గుణకాలు సగటులు. ఒక కేంద్రానికీ మరొకదానికీ నైట్రస్ ఆక్సైడ్ విషయంలో తేడా చాలా ఎక్కువగా ఉంటుంది కనుక, పెద్ద కేంద్రాల్లో దాన్ని నేరుగా కొలవడమే సరైన పద్ధతి.

లెక్కకు ఎల్లలు ఎక్కడ గీస్తామో దాని మీదే ఫలితం ఆధారపడుతుందని కూడా ఆమెకు చెప్పండి. నల్లగొండ పేరు మోస్తున్న ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు. నీటిలో ఫ్లోరైడ్ తగ్గిందా అన్న ఒక్క ప్రశ్నకు అది చక్కని జవాబే ఇచ్చింది. పటిక రోజూ కొలిచి కలిపేదెవరు, ఫ్లోరైడ్ నిండిన బురదను పారబోసేదెక్కడ అన్న ప్రశ్నలు ఊళ్లలో మిగిలిపోయాయి. మురుగు శుద్ధిలోనూ ఒక కిలో బీఓడీ తీస్తే అర కిలో నుంచి కిలో దాకా పొడి బురద తయారవుతుంది. దానిని మళ్లీ వాగు పక్కనే గుట్ట పోస్తే, తొలి వానకు కేంద్రం చేసిన పని కొంత వెనక్కి పోతుంది.

ప్రశ్న: సూర్యాపేటలో పదవీ విరమణ చేసిన ఉద్యోగిని. మా కాలనీ సంఘం తరఫున మా పట్టణపు శుద్ధి కేంద్రం లెక్కలు అడగాలనుకుంటున్నాము. ఏ కాగితాలు అడగాలి?

జవాబు: పన్నెండు నెలల కరెంటు బిల్లులు, లోపలికి, బయటికి వెళ్లిన నీటి మీటరు రీడింగులు, రెండు వైపులా బీఓడీ, తేలే మలినాలు, కోలిఫాం పరీక్షా ఫలితాలు, బురద తూకం, అది చేరిన చోటు వివరాలు, నిర్వహణ కాంట్రాక్టుకు నెలనెలా చెల్లించిన మొత్తం అడగండి. పైపులకు కలిపిన ఇళ్ల సంఖ్య కూడా తప్పక అడగండి. నీటి మీటరు రీడింగు లేకుండా, కేంద్రం సామర్థ్యాన్నే రోజువారీ నీరుగా రాసి ఇస్తే, దాని పైన వేసిన ప్రతి లెక్కా తప్పే అవుతుంది. 365 రోజులూ సరిగ్గా ఒకే అంకె కనిపిస్తే అది మీటరు చదివినది కాదని గుర్తించండి.

పరీక్షా ఫలితాలు చూసేటప్పుడు నమూనా ఎప్పుడు, ఎలా తీశారో చదవండి. ఇళ్ల నుంచి మురుగు పొద్దున ఆరు నుంచి తొమ్మిది గంటల దాకా ఎక్కువగా, చిక్కగా వస్తుంది. అది పైపుల్లో ప్రయాణించి, కేంద్రంలో కొన్ని గంటలు ఉండి బయటికి వస్తుంది. పగలు పదకొండింటికి ఒక్కసారి సీసాలో పట్టిన నీరు ఆ రోజంతటికీ ప్రతినిధి కాదు. రోజు పొడుగునా గంటగంటకూ, ఆ గంటలో వచ్చిన ప్రవాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తీసి కలిపిన నమూనా మీద చేసిన పరీక్షలే లెక్కకు పనికివస్తాయి. కోలిఫాం పరీక్షకు మాత్రం అలా కలపరు, అప్పటికప్పుడు సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన సీసాలో తీసి, చల్లగా ఉంచి, ఆలస్యం లేకుండా ప్రయోగశాలకు చేర్చాలి. మీరు అడిగిన కాగితాల్లో నమూనా తీసిన వేళ రాసి లేకపోతే, వచ్చే నెల నుంచి రాయమని లిఖితపూర్వకంగా కోరండి.